తూకము లేని మందు

పిల్లల మనోవ్యాధులకు ఇచ్చు మందులను గూర్చి భాషా సంఘపు పత్రికలో వ్రాయుట తగునా యని కొందరు పెద్దలు మమ్ము అడుగుచున్నారు. మనకు పాఠశాలలు కలవు, పాఠ్యపుస్తకములు కలవు, ఉపాధ్యాయుల నియామకములు కలవు, డాక్టరు వ్రాయు చీటితో మనకేమి పని యని వారి వాదము. ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

రాజ్యాంగములోని 350-ఎ అధికరణము 1956లో చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పు సదుపాయము కల్పింపవలెనని అది రాష్ట్రములకు చెప్పుచున్నది. దానిని పట్టుకొని మనము బెంగుళూరునకును, చెన్నపట్టణమునకును, భువనేశ్వరమునకును, ముంబయికిని ఎన్ని వినతిపత్రములు పంపితిమో లెక్క లేదు. మంచిదే. కాని మాతృభాషలో ఎక్కములు నేర్చుకొను హక్కు గల బిడ్డ మింగు మాత్ర ఆ బిడ్డను ఏమి చేయునో అతని తల్లికి మాతృభాషలో తెలియవలదా? తెలియవలెనని ఈ దేశపు చట్టమే చెప్పుచున్నది. ఆ చట్టమును గూర్చి దిగువ వ్రాసెదము. ముందుగా మందును గూర్చి.

యాంటీసైకోటిక్ మందులని వైద్యులు పిలుచు మాత్రలు కొన్ని కలవు. లేని మాటలు వినబడుట, లేని శత్రువులు కనబడుట, నిద్రాహారములు మాని రేయింబవళ్లు ఉద్రేకముతో తిరుగుట మొదలగు లక్షణములు గల స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధులలో ఇవియే ప్రధానౌషధములు. ఆటిజము గల పిల్లలు తమ్ము తాము కొట్టుకొనుట, ఇతరులపై బడుట మితిమీరినప్పుడును వీటినే ఇత్తురు. 1952లో పారిస్ నగరమున దెలే, దెనికేర్ అను ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అను మందును ఈ వ్యాధులకు వాడి చూపినది మొదలు మనోవ్యాధి చికిత్స మారిపోయినది. అంతకు మునుపు రోగికి గతి గొలుసు, చీకటి గది, భూతవైద్యుని బెత్తము.

కావున ఈ మందులకు మేము శత్రువులము కాము. మందు లేనిచోట ఏమి జరుగునో మన పొరుగుననే చూచితిమి. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో పాక యంటుకొనినప్పుడు గొలుసులతో కట్టబడిన 28 మంది మనోరోగులు కదలలేక కాలి మరణించిరి. ఈ వ్యాసమును చదివి ఎవరైనను తమ బిడ్డకు మాత్ర ఆపివేసినచో వారు మా మాటను తలక్రిందులుగా గ్రహించినవారగుదురు. మాత్రను ఒక్కసారిగా మానినచో వ్యాధి తిరుగబెట్టును, ఒక్కొక్కప్పుడు మునుపటికంటె ఉధృతముగా తిరుగబెట్టును. మా వాదము మందు వలదని కాదు. తూకము లేని మందు వలదని.

1990వ దశకమున రిస్పెరిడోన్, ఒలాన్జపిన్, క్వెటియాపిన్ అను క్రొత్త తరము మందులును, వాటి వెనుక 2002లో అరిపిప్రజోల్‌ అనునదియు అమెరికాలో ఆమోదము పొంది, క్రమముగా లోకమంతట వ్యాపించినవి. పాత మందుల వలన కలుగు కండరముల బిగింపు, చేతుల వణకు వీటిలో తక్కువ. అందుచేత వైద్యులు సంతోషించిరి, తల్లిదండ్రులును సంతోషించిరి. అయితే ఏ సరకును ఊరక రాదు. వీటిలో పెక్కింటికి చెల్లింపవలసిన వెల వేరొక చోట నున్నది. ఆ వెల ఆకలి, బరువు, రక్తములోని చక్కెర, రక్తములోని కొవ్వు.

ఇది ఎట్లు జరుగును? "ఇక చాలును" అని తినువానికి తెలియజేయు ఏర్పాటు ఒకటి మెదడులో కలదు. హిస్టమిన్, సెరటోనిన్ అను రసాయనములు అందులో పాలుపంచుకొనును. ఈ మందులలో కొన్ని ఆ రసాయనములు పనిచేయు చోటులను మూసివేయును. అంతట బిడ్డ ఎంత తినినను తినినట్లు తోచదు. భోజనము ముగించి లేచిన అరగంటకే వంటయింటి డబ్బాలు వెదకును. దానికి తోడు మందు మత్తు వలన ఆట తగ్గును, నోరు ఎండుట వలన తీపి పానీయములు త్రాగుట పెరుగును. కొందరిలో బరువు మిక్కిలిగా పెరుగక మునుపే ఇన్సులిన్ యొక్క పని మందగించి రక్తములో చక్కెరయు, ట్రైగ్లిసరైడులను కొవ్వును పెరుగును. ఇది బిడ్డ తిండిపోతుతనము కాదు, తల్లి పెంపకపు లోపమును కాదు. తిట్టియు కొట్టియు ఈ ఆకలిని మాన్పజాలము.

అంకెలు లేని వాదము వర్తకునికి నచ్చదు. కావున అంకెలు చెప్పెదము. న్యూయార్కులో 4 మొదలు 19 ఏండ్ల వయస్సు గల, అంతకు మునుపు ఈ మందులు ఎరుగని పిల్లలను వైద్యులు పరిశీలించి, 272 మంది లెక్కలను 2009లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ప్రకటించిరి. సుమారు 11 వారములలో ఒలాన్జపిన్ మ్రింగిన పిల్లలు సగటున 8.5 కిలోలు బరువు పెరిగిరి. క్వెటియాపిన్ వారు 6.1 కిలోలు, రిస్పెరిడోన్ వారు 5.3 కిలోలు, అరిపిప్రజోల్ వారు 4.4 కిలోలు పెరిగిరి. మందు పుచ్చుకొనని కొలదిమంది పిల్లలు అదే కాలములో పెరిగినది 0.2 కిలో మాత్రమే. పెరిగిన బరువు కడుపు చుట్టును చేరినది.

2013లో ప్రకటింపబడిన వేరొక పరిశోధన టెనెసీ రాష్ట్రములో జరిగినది. 6 మొదలు 24 ఏండ్ల వారిలో ఈ మందులు క్రొత్తగా మొదలుపెట్టిన వారిని, మనోవ్యాధులకు ఇతర మందులు వాడిన అటువంటి వారితోనే పోల్చి చూచిరి. ఈ మందుల వారికి రెండవ రకపు మధుమేహము వచ్చు అపాయము మూడు రెట్లు ఎక్కువగా కనబడినది. ఆ అపాయము ఏండ్ల తరబడి వేచియుండలేదు, మొదటి సంవత్సరముననే కనబడినది. అంతకు మునుపు 2008లో వెలువడిన మరియొక అమెరికా పరిశోధనలో 8 మొదలు 19 ఏండ్ల వారికి మూడు మందులను ఇచ్చి పోల్చుచుండగా, ఒలాన్జపిన్ పుచ్చుకొనిన పిల్లల బరువు పెరుగుటను చూచి పర్యవేక్షక సంఘము ఆ భాగమును నడుమనే నిలిపివేయించినది.

ఇవి అమెరికా పిల్లల లెక్కలు, మనకేల యనువారు ఉందురు. మనకు మరింత కావలెను. భారత వైద్య పరిశోధనా మండలి వారి సహాయముతో జరిగిన దేశవ్యాప్త పరిశీలన 2023లో ప్రకటింపబడినది. 2021 నాటికి మన దేశములో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరని అది తేల్చినది. తెల్లజాతివారికంటె తక్కువ బరువులోనే మనవారికి ఈ వ్యాధి పట్టుకొనును. అంగడిలో ఉదయము నుండి రాత్రి వరకు గద్దె దిగని మన వర్తక కుటుంబములలో తాతకు చక్కెర, తండ్రికి చక్కెర, మేనమామకు చక్కెర. అట్టి యింటి బిడ్డ పుట్టుకతోనే గోతి గట్టున నిలిచి యున్నాడు. వానికి తూకము చూడక ఈ మాత్ర నిచ్చుట వెనుకనుండి త్రోయుటయే.

మా ఎరుకలోని ఒక కుటుంబము సంగతి చెప్పెదము. ఊరు పేరు చెప్పము, వైద్యశాల పేరు చెప్పము. ఆ తండ్రి మన సంఘ సభ్యుడు, ధాన్యపు వర్తకుడు. కుమారునికి పదునాలుగవ యేట మనస్సు చెదరినది. పెద్ద వైద్యశాలకు కొనిపోయిరి. ఒలాన్జపిన్ వ్రాసిరి. నెల తిరుగకుండ బాలుడు నెమ్మదించెను, రెండు నెలలలో పుస్తకము పట్టెను. ఇంటిల్లిపాది సంతోషించిరి. పిమ్మట ఊరు దూరమని వైద్యశాలకు పోవుట మానిరి. పాత చీటి చూపి మందుల అంగడిలో నెలనెలా అవే మాత్రలు కొనుచుండిరి. బాలుడు ఒళ్లు చేసెను. నాయనమ్మ దిష్టి తీసెను. మెడ వెనుక చర్మము నల్లబడి మందమైనప్పుడు మురికి యనుకొని సున్నిపిండితో రుద్దిరి. అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయుట లేదనుటకు శరీరము వ్రాసిన చీటి. రెండేండ్ల పిమ్మట రాత్రివేళ నాలుగు మారులు లేచి నీరు త్రాగుచు, మూత్రమునకు పోవుచు నుండగా చూచి రక్తపరీక్ష చేయించిరి. పదునారేండ్ల బాలునికి మధుమేహము. వైద్యశాల చీటీల కట్టను మాకు చూపిరి. ఏ ఒక్క చీటిమీదను ఆ బిడ్డ బరువు వ్రాయబడలేదు. ఆ తండ్రి అంగడిలో వచ్చిన ప్రతి బస్తాకును చిట్టాలో తూకము కలదు, ఆవర్జాలో లెక్క కలదు. కుమారుని తూకమునకు మాత్రము ఎక్కడను పద్దు లేదు. ఆ పద్దు వ్రాయవలసినది ఎవరు?

మేము వర్తకులము. మా కాటాకు తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేయకున్నచో జరిమానా వేయుదురు. కిలో పప్పులో పది గ్రాములు తగ్గినచో మమ్ము దొంగలందురు, అనుటయు న్యాయమే. బిడ్డ దేహమున ఎనిమిది కిలోలు పెరిగినను అడుగువాడు లేడు! కాటా ఎక్కని సరకునకు వెల కట్టుట వర్తకమున తప్పు. కాటా ఎక్కని బిడ్డకు ఏండ్ల తరబడి ఈ మాత్ర వ్రాయుట వైద్యమున ఒప్పగునా?

ఏమి చూడవలెనో వైద్యులకు తెలియదని అనుటకు వీలు లేదు. అమెరికాలోని మధుమేహ సంఘము, మనోవైద్య సంఘము మొదలగు నాలుగు సంఘములవారు 2004లోనే కూడి నియమము వ్రాసిరి. మందు మొదలు పెట్టుటకు మునుపు కుటుంబములో చక్కెర వ్యాధి కలదా యని అడుగవలెను. బరువు, ఎత్తు, నడుము చుట్టుకొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, పరగడుపు కొవ్వులు చూడవలెను. 4, 8, 12 వారములకు బరువు చూడవలెను, పిమ్మట మూడు నెలలకొకసారి చూడవలెను. 12 వారములకు రక్తపోటు, చక్కెర, కొవ్వులు మరల చూడవలెను. ఇది పెద్దవారికి వ్రాసిన కనీసపు నియమము. పెరుగు వయస్సు పిల్లలకు ఇంతకంటె తరచుగా చూచుట యుక్తము. బిడ్డ ఎత్తును పెరుగుచుండును గనుక కిలోల అంకె యొక్కటి చాలదు, వయస్సునకు ఎత్తునకు సరిపడు పట్టికపై గుర్తు పెట్టవలెను. భారతీయ శిశువైద్యుల సంఘము వారు 5 మొదలు 18 ఏండ్ల పిల్లలకు 2015లో సవరించిన పట్టికలు ఉండనే యున్నవి.

నియమము వ్రాసినంత మాత్రమున పని జరుగదనుటకును సాక్ష్యము కలదు. ఆ నియమము వెలువడిన పిమ్మట అమెరికాలోని మూడు రాష్ట్రములలో ప్రభుత్వ వైద్యసహాయము పొందు పిల్లల లెక్కలు చూచిరి. ఈ మందులు మొదలుపెట్టిన పిల్లలలో చక్కెర పరీక్ష జరిగినది నూటికి 32 మందికైనను లేదు, కొవ్వుల పరీక్ష జరిగినది నూటికి 13 మందికి. 2010లో ప్రకటింపబడిన లెక్క యిది. అంత ధనిక దేశములో, అంత చట్టబద్ధమైన చోట అట్లున్నప్పుడు, తల్లిదండ్రులు నోరు తెరచి అడుగనిదే మన వైద్యశాలలలో తమంతట జరుగునని నమ్ముట అమాయకత్వము.

అడిగినచో వచ్చు సమాధానములు మాకు తెలియును. ఒక్కొక్కదానికి బదులు చెప్పెదము.

"ఉదయము నూరుమంది రోగులను చూడవలెను, తూకమునకు తీరిక ఎక్కడిది?" అందురు. బిడ్డను కాటా ఎక్కించుటకు డాక్టరుగారు లేవనక్కర లేదు. గుమాస్తా చాలును, వాకిటి జవాను చాలును. మా అంగడిలో కూలివాడు గంటకు ఎన్ని బస్తాలు తూచునో చూచినచో ఈ సాకు చెప్పుటకు సిగ్గుపడుదురు.

"ముందుగా చెప్పినచో తల్లిదండ్రులు భయపడి మందు మాన్పింతురు" అందురు. ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన వాదము, ఏలయనగా వినుటకు దయగా నుండును. నిజమునకు జరుగునది దీనికి విరుద్ధము. ముందుగా చెప్పినచో తల్లి కాచుకొని యుండును. బరువు పెరుగుట కనబడిన వెంటనే డాక్టరును అడుగును. చెప్పకున్నచో బిడ్డ ఉబ్బిపోవుటను చూచి, ఇరుగుపొరుగు మాటలు విని, ఒకనాడు ఎవరికిని చెప్పక మాత్రలను చెత్తలో పారవేయును. బడిలో తోడిపిల్లల వెక్కిరింతలకు తాళలేక బిడ్డయే మాత్రను నాలుక క్రింద దాచి ఉమ్మివేయును. దాచిన నిజమే మందును మాన్పించును, చెప్పిన నిజము మందును నిలుపును.

"తెలిసియు చేయునది ఏమున్నది?" అందురు. చాల కలదు. అన్ని మందులు ఒకే తీరున బరువు పెంచవు. పై అంకెలే సాక్ష్యము. తక్కువ హాని గల మందుతో మొదలు పెట్టవచ్చును. అమెరికా ప్రభుత్వము 2009లో ఒలాన్జపిన్‌ను 13 మొదలు 17 ఏండ్ల వారికి అనుమతించుచునే, బరువు, కొవ్వుల దృష్ట్యా ముందుగా ఇతర మందులను ఆలోచింపవచ్చునని దాని చీటిలోనే వ్రాయించినది. మోతాదు తగ్గింపవచ్చును. రెండు మూడు మందులు కలిపి వ్రాయుట మానవచ్చును. ఆహారమును, నడకను మొదటి వారము నుండియే సరిదిద్దవచ్చును. అవసరమైనచో మెట్‌ఫార్మిన్ అను చౌకయైన మధుమేహపు మందును చేర్చి బరువును కొంత అదుపు చేయవచ్చును. ఇవన్నియు డాక్టరు నిర్ణయింపవలసినవి. కాని మొదటి మూడు నెలల తూకము చేతిలో లేక దేనిని నిర్ణయింతురు?

మరికొందరు దీనికంతకును మందుల కంపెనీల దురాశయే మూలమని చెప్పి చేతులు దులుపుకొందురు. దురాశ లేదని మేము అనము. అమెరికాలో ఎలై లిల్లీ సంస్థ అనుమతి లేని ఉపయోగములకు ఒలాన్జపిన్‌ను ప్రచారము చేసినదను వ్యవహారములో 2009 జనవరిలో నేరము నొప్పుకొని 141.5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. రిస్పెరిడోన్‌ను గూర్చిన అటువంటి ఆరోపణలు, పిల్లలకు సంబంధించినవి కూడ చేరియున్న వ్యవహారములో, జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ 2013 నవంబరులో 220 కోట్ల డాలర్లకు పైగా చెల్లించుటకు ఒప్పుకొనినది. అయినను కంపెనీ జరిమానా కట్టినంత మాత్రమున మన ఊరి బిడ్డ బరువు తగ్గదు. కాటా మన ఊరిలో ఉండవలెను.

ఇంతవరకు వైద్యులను అంటిమి. మన యిండ్లను అనకుండుట పక్షపాతమగును. మనలో లావు ఆరోగ్యమునకు గుర్తు. బక్కబిడ్డను చూచి జాలిపడుదుము, బొద్దుబిడ్డను చూచి మురియుదుము. మాత్ర వలన పుట్టిన ఆకలిని చూచి "బిడ్డకు జబ్బు నయమై ఆకలి పుట్టినది" అని నేతిలో ముంచి పెట్టుదుము. ఆ ఆకలికి మజ్జిగ, దోసకాయ, ఉడికించిన సెనగలు, పెసలు, కూరలు ముందుగా పెట్టి, మిఠాయి డబ్బాను, సీసా పానీయమును ఇంటినుండి తొలగించుట మేలు. బిడ్డ కొక్కనికే పథ్యము పెట్టి తక్కినవారు బొబ్బట్లు తినుట హింస. ఇంటిల్లిపాదికి ఒకటే వంట కావలెను, సాయంకాలము తండ్రియు బిడ్డతో కూడ నడువవలెను.

మనలోని రెండవ దోషము గుట్టు. పిల్లకు సంబంధము తప్పునని, పిల్లవానికి కట్నము తగ్గునని, అన్నదమ్ముల బిడ్డలకు కూడ మచ్చ తగులునని వ్యాధిని దాతుము. దాచుటకై ఊరి డాక్టరును మాని దూరపు డాక్టరు వద్దకు పోదుము. ఒక్కసారి పోయి తెచ్చిన చీటిని మూడేండ్లు నడుపుదుము. ఆడపిల్లల గతి మరియు దయనీయము. రిస్పెరిడోన్ వంటి మందులతో కొందరికి ముట్టు తప్పును, బాలురకు రొమ్ములు ఉబ్బును. ఇది చక్కెరకంటె వేరైన హార్మోను సంగతి, చెప్పినచో డాక్టరు సరిదిద్దగలరు. సిగ్గుచేత చెప్పరు. గుట్టు కాపాడుకొనుట మీ హక్కు. కాని బిడ్డ గుట్టును లోకమునకు దాచుడు, బిడ్డ బరువును డాక్టరునకు దాచకుడు.

ఇప్పుడు చట్టము సంగతి. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో నున్నది. దాని 22వ సెక్షను ప్రకారము రోగికిని, రోగి తరపున నియమితుడైన ప్రతినిధికిని కొన్ని విషయములు తెలిసికొను హక్కు కలదు. వ్యాధి ఏమి, చేయదలచిన చికిత్స ఏమి, ఆ చికిత్స వలన కలుగునని తెలిసిన దుష్ఫలితములు ఏవి, ఇవన్నియు చెప్పవలెను. అంతటితో ఆగక, ఆ సమాచారమును వినువారికి అర్థమగు భాషలో, అర్థమగు రూపములో ఈయవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. మైనరు బిడ్డ విషయమున సామాన్యముగా తల్లిదండ్రులే ఆ ప్రతినిధులు.

భాషా సంఘమునకు ఇంతకంటె సొంత విషయము ఏమి కావలెను? బళ్లారిలో మనము కన్నడమున బేరములాడగలము, మదురైలో అరవమున, బరంపురములో ఒడియాలో, సోలాపురములో మరాఠీలో వ్యవహరింపగలము. తరతరాలుగా అచ్చటి మట్టిలో పెరిగినవారము, ఆ భాషలపై మాకు గౌరవమే. కాని బజారు భాష వేరు, రోగపు భాష వేరు. పరగడుపు చక్కెర, ట్రైగ్లిసరైడులు, నడుము కొలత అను మాటలు బేరములో రావు. పైగా మందుల చీటి వచ్చునది ఇంగ్లీషులో. డాక్టరుగారి ఎదుట కూర్చుండునది తండ్రి, ఇంటిలో బిడ్డకు అన్నము పెట్టునది తల్లి, నాయనమ్మ. వారికి చేరని సమాచారము చెప్పినట్లు కాదు. ఇది ఎవరి భాషపైనను కయ్యము కాదు. కన్నడ తల్లికి కన్నడములో, తమిళ తల్లికి తమిళములో, తెలుగు తల్లికి తెలుగులో చెప్పవలెనని మాత్రమే మేము కోరుచున్నాము. యానాములో తెలుగు పలుకుబడి కలదు గనుక అచ్చటివారికి ఈ బాధ లేదనరాదు. తెలుగు మాటలాడు డాక్టరు గూడ తూకము చూడనిచో ఫలమేమి?

కావున సంఘమును, పాఠకులను మేము కోరునవి ఇవి:

1. మొదటి మాత్ర వ్రాయునాడే బిడ్డ బరువు, ఎత్తు, నడుము కొలత, రక్తపోటు చీటిమీదనే వ్రాయవలెననియు, పరగడుపు చక్కెర, కొవ్వులు పరీక్షింపవలెననియు మన శాఖలు తమ తమ ఊళ్ల వైద్యశాలలకు వినతిపత్రములు సమర్పింపవలెను.

2. సంఘము ఒక చిన్న కార్డును తెలుగులో అచ్చు వేయింపవలెను. ఒక ప్రక్క తేదీ, బరువు, ఎత్తు, నడుము, చక్కెర గడులు ఉండవలెను. రెండవ ప్రక్క డాక్టరును అడుగవలసిన ప్రశ్నలు ఉండవలెను. కార్డుపై పేరు వ్రాయు గడి ఉండరాదు. అది ఆ యింటివారి బీరువాలోనే ఉండవలెను. ముందుగా ఒక డాక్టరుగారిచే దానిని దిద్దింపవలెను.

3. ప్రతి శాఖా కార్యాలయమునను ఒక మంచి కాటా, ఒక కొలత టేపు ఉండవలెను. వాటి వెల ఒక పండుగ చీర వెలకు మించదు. ఎవరు వచ్చి తూచుకొనినను ఎందుకని అడుగరాదు.

4. మనవారిలో మందుల అంగళ్లు గలవారు అనేకులు కలరు. వారికి మా వేడికోలు ఒకటియే. ఏండ్ల నాటి చీటికి మాత్రలు కట్టి యీయకుడు. క్రొత్త చీటికై డాక్టరు వద్దకు తిరిగి పంపుడు.

5. డాక్టరు దూరమైనవారు, ఎవరిని అడుగవలెనో తోచనివారు కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలిమానస్ వారిని 14416 సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును. దానికి రుసుము లేదు, తెలుగులో మాటలాడువారును కలరు.

తల్లిదండ్రులారా, మీరు డాక్టరును ఎదిరింపనక్కర లేదు. వినయముగా నాలుగు ప్రశ్నలు వేయుడు. అయ్యా, ఈ మందు బరువును పెంచునా? పెంచినచో ఇంతకంటె తక్కువ పెంచునది మా బిడ్డకు పనికివచ్చునా? తూకము, రక్తపరీక్ష మరల ఎప్పుడు? ఈ మందు ఇంకను ఎంతకాలము? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు సంతోషించును. కోపించు డాక్టరునకు ఈ దేశపు చట్టమే సమాధానము. బిడ్డ మిక్కిలిగా దప్పిగొనుచున్నను, రాత్రులు మాటిమాటికి మూత్రమునకు లేచుచున్నను, మెడ నల్లబడినను, మరునాటికి ఆగకుడు, పరీక్ష చేయింపుడు. మాత్రను మాత్రము మీ అంతట మీరు ఆపకుడు.

మన పూర్వులు ఈ ఊళ్లకు తట్టాబుట్టా నెత్తిన బెట్టుకొని వచ్చి, సరియైన తూకము వలననే పేరు సంపాదించిరి. తెలుగువాని కాటా తప్పదని ఇరుగుపొరుగు భాషలవారు నేటికిని చెప్పుకొందురు. ఆ కాటాను అంగడి వాకిట విడిచి రాకుడు, ఇంటిలోనికిని, వైద్యశాలలోనికిని వెంట గొనిపోవుడు. మనస్సు కుదుటపడిన బిడ్డకు దేహమును నిలువవలెను. ఆ రెండును కోరుట అత్యాశ కాదు.